పదిహేను మెట్ల దిగువన ఒక సంగీతశాల

న్యూయార్కు నగర పటంలో మన్‌హటన్ దీవి వీధులు చదరంగపు గళ్లవలె తీర్చినట్లుంటాయి. దక్షిణంగా గ్రీనిచ్ విలేజ్ అనే పేట దగ్గరికి వచ్చేసరికి ఆ గళ్లు చెదిరిపోతాయి. ఒకప్పుడు అది నిజంగానే పల్లె. నగరం కొలతాడు పట్టుకుని రాకముందే అక్కడి సందులు తమకు తోచిన దారిన సాగడం అలవాటు చేసుకున్నాయి. 1910-20 సంవత్సరాల మధ్య ఏడవ అవెన్యూను దక్షిణానికి పొడిగించి, దాని అడుగున భూగర్భ రైలుమార్గం వేసినప్పుడు, ఆ కొత్త రహదారి పాత ఇళ్ల వరుసలను ఏటవాలుగా కోసుకుంటూ పోయింది. కోత పడినచోటల్లా మూడు మూలల స్థలాలు మిగిలాయి. అటువంటి ఒక స్థలంలో లేచిన చిన్న కట్టడపు నేలమాళిగలో, 178వ నంబరు తలుపు వెనుక, విలేజ్ వాన్‌గార్డ్ అనే సంగీతశాల ఉన్నది.

తలుపు తెరిస్తే ఎదురయ్యేవి పదిహేను మెట్లు. అవి దిగితే త్రికోణాకారపు హాలు. ఆ త్రికోణం సన్నబడే కొసన వేదిక. 123 మందికి మించి అక్కడ చోటు లేదు. బల్లలు ఒకదానినొకటి రాసుకుంటూ ఉంటాయి. గోడల నిండా అక్కడ వాయించి వెళ్లినవారి ఛాయాచిత్రాలు. వెనుకవైపున వంటగది ఉన్నది గాని, అందులో పొయ్యి వెలిగి దశాబ్దాలు గడిచాయి. యజమాని లెక్కలు చూసుకునేది అక్కడే. విద్వాంసులు వాద్యాలు సవరించుకునేదీ, విరామంలో సేదతీరేదీ అక్కడే. వారికి వేరే ప్రవేశద్వారం లేదు. ఎంతటి పేరున్న వాద్యకుడైనా శ్రోతల బల్లల నడుమ నుంచి ఒదిగి నడిచి వేదిక చేరవలసిందే.

ఇంతకు మించి చూడదగిన వైభవమేదీ అక్కడ లేదు. అయినా జాజ్ సంగీతాన్ని అభిమానించేవారు దేశదేశాల నుంచి వచ్చి ఆ మెట్లు దిగుతారు. మహా నగరాలలో రాత్రి సంగీతశాలలు వానాకాలపు పుట్టగొడుగుల వలె పుట్టి, అంత త్వరగానూ మాయమవుతాయి. ఈ నేలమాళిగ మాత్రం 1935 నుంచి అదే చోట ఉన్నది. 2025 నాటికి దానికి అక్కడ తొంభై ఏళ్లు నిండాయి. ఏ పెద్ద సంస్థకూ శాఖ కాకుండా, ఒకే కుటుంబం చేతిలో అది ఇంతకాలం ఎలా బతికిందనేది విచారించదగిన విషయం.

దానిని స్థాపించినవాడు మాక్స్ గోర్డన్. ఆయన 1903లో నాటి రష్యా సామ్రాజ్యపు పశ్చిమ సరిహద్దు సీమలో, ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులతో అమెరికాకు వలస వచ్చి, పసిఫిక్ తీరం వైపున ఉన్న పోర్ట్‌లండ్‌లో పెరిగాడు. రీడ్ కళాశాలలో చదువు ముగించి, న్యాయశాస్త్రం చదవడానికి 1926లో న్యూయార్కు వచ్చాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరిన కొద్ది వారాలకే ఆ చదువు తనకు సరిపడదని తెలుసుకున్నాడు. చిన్నాచితకా ఉద్యోగాలతో కాలం గడుపుతూ, రాత్రుళ్లు గ్రీనిచ్ విలేజ్‌లోని కాఫీ దుకాణాలలో కవులతోనూ, చిత్రకారులతోనూ, పని లేని మేధావులతోనూ కూర్చునేవాడు. వారందరూ తీరికగా కూర్చోవడానికి ఒక చోటు కావాలన్నదే ఆయన మొదటి వ్యాపార ఆలోచన. లాభనష్టాల గణితం అందులో చాలా తక్కువ.

1934లో దగ్గరలోనే మరొక వీధిలో మొదటి వాన్‌గార్డ్ తెరిచాడు. వాన్‌గార్డ్ అంటే సేనకు ముందు నడిచే దళమని అర్థం. కాని ఆ దళానికి తొలి అడుగులోనే ప్రభుత్వ నిబంధనలు అడ్డు వచ్చాయి. ఆటపాటలు జరిపే శాలకు న్యూయార్కులో పోలీసు శాఖ అనుమతి ఉండాలి. అనుమతి కావాలంటే రెండు మరుగుదొడ్లు, బయటికి రెండు దారులు ఉండాలి. ప్రార్థనాలయానికీ, బడికీ 200 అడుగుల దూరం ఉండాలి. ఆయన అద్దెకు తీసుకున్న చోటులో ఈ హంగులు లేవు. మద్యనిషేధపు రోజులలో దొంగచాటు పానశాలగా నడిచి, నిషేధం ఎత్తివేసిన తరువాత ఖాళీపడిన ఒక నేలమాళిగ సమీపంలోనే దొరికింది. దాని పాత పేరు గోల్డెన్ ట్రయాంగిల్, అంటే బంగారు త్రికోణం. 1935 ఫిబ్రవరిలో గోర్డన్ తన బల్లలూ కుర్చీలూ అక్కడికి చేర్చాడు.

ఆ తొలి రోజులలో అక్కడ ముఖ్యమైన వినోదం కవిత్వమే. మాక్స్‌వెల్ బోడెన్‌హైమ్ వంటి కవులు లేచి నిలబడి పద్యాలు చదివేవారు. మెచ్చినవారు చిల్లర నాణేలు విసిరేవారు. ఆర్థిక మాంద్యం దేశాన్ని కుంగదీసిన కాలమది. కొద్ది డబ్బుతో చాలాసేపు కూర్చోవడానికి వీలైన చోటుకు ఆ రోజులలో విలువ ఎక్కువ. 1930ల చివర కొందరు యువతీయువకులు కలిసి తామే రాసుకున్న హాస్య నాటికలను అక్కడ ప్రదర్శించడం మొదలుపెట్టారు. వారిలో జూడీ హాలిడే తరువాత హాలీవుడ్‌లో ఆస్కార్ బహుమతి పొందిన నటి అయింది. బెటీ కామ్డెన్, అడాల్ఫ్ గ్రీన్ జంట పేరుపొందిన చలనచిత్ర, నాటక రచయితలైనారు. అప్పుడప్పుడు వారికి పియానో సహకారం అందించిన కుర్రవాడు లెనార్డ్ బెర్న్‌స్టైన్. ఆ శతాబ్దపు అమెరికన్ సంగీత నిర్వాహకులలో అగ్రగణ్యుడు.

1941లో లెడ్‌బెల్లీ, జాష్ వైట్ అనే ఇద్దరు నల్లజాతి గాయకులను గోర్డన్ పిలిపించాడు. దక్షిణాది పొలాలలోనూ, కారాగారాలలోనూ పుట్టిన పాటలు లెడ్‌బెల్లీ పన్నెండు తంత్రుల గిటారు మీద న్యూయార్కు నేలమాళిగలో మోగాయి. గోర్డన్‌కు సంగీతశాస్త్రం తెలియదు. తెలిసినవారి మాట వినడం తెలుసు. విన్నది మనసుకు పడితే నష్టానికి ఓర్చుకోవడం తెలుసు. సంగీతశాల నడిపేవాడికి ఈ రెండు గుణాలే ప్రధానమని ఆయన జీవితం చెబుతున్నది.

వ్యాపారం పెంచుకోవాలన్న కోరిక ఆయనకూ కలిగింది. 1943లో హెర్బర్ట్ జాకబీ అనే భాగస్వామితో కలిసి, సంపన్నులు తిరిగే ఎగువ పేటలో బ్లూ ఏంజెల్ అనే విలాసవంతమైన శాలను తెరిచాడు. భోజనాలు, మెత్తని ఆసనాలు, ఖరీదైన పానీయాలు, పేరుమోసిన గాయనీగాయకులు — ఏ లోటూ లేదు. దాదాపు ఇరవై ఏళ్లు అది వైభవంగా సాగింది. 1960ల నడుమకు వచ్చేసరికి ఆ వైభవాన్ని భరించే ఆదాయం కరువై మూతపడింది. ఖర్చు తక్కువైన నేలమాళిగ మిగిలింది.

అయితే నేలమాళిగ కూడా అప్పటికే ఒక గండం గడిచి వచ్చింది. 1950లలో టెలివిజన్ ఇంటింటికీ చేరింది. నిన్నటిదాకా డబ్బు పెట్టి చూసిన హాస్యగాళ్లను జనం ఇంటి కుర్చీలో కూర్చుని ఉచితంగా చూడసాగారు. రాత్రి శాలలు ఒకటొకటిగా దీపాలార్పాయి. టెలివిజన్ ఇవ్వలేనిదేదో అదే ఇవ్వాలని గోర్డన్ గ్రహించాడు. 1957 నుంచి వాన్‌గార్డ్ ప్రధానంగా జాజ్ సంగీతానికి అంకితమైంది.

జాజ్‌ను మనవారికి పరిచయం చేయాలంటే మనోధర్మం అన్న మాట ఒకటి చాలు. కర్ణాటక విద్వాంసుడు కీర్తనను పట్టుకుని స్వరకల్పనలో తన దారి తాను వెతుక్కున్నట్లు, జాజ్ వాద్యకుడు తెలిసిన పాటనొకదానిని ఎత్తుకుని అక్కడికక్కడే దానిని కొత్తగా అల్లుతాడు. నిన్న వాయించినది ఇవాళ రాదు. ముందు వరుసన కూర్చున్న రసికుడు తల ఊపితే విద్వాంసుడికి మరొక సంగతి తోచడం మన కచేరీలలో ఎరిగినదే. శ్రోత అంత దగ్గరగా ఉండాలంటే శాల చిన్నదై ఉండాలి. స్థలాభావమే ఆ నేలమాళిగకు సంపద అయింది.

దాని ఫలితం గ్రామఫోను రికార్డులలో నిలిచి ఉన్నది. 1957 నవంబరు 3న ఇరవై ఏడేళ్ల సోనీ రాలిన్స్ సాక్సఫోన్ పట్టుకుని, పియానో తోడు లేకుండా, ఒక బాస్ వాద్యంతోనూ డ్రమ్ములతోనూ వాయించాడు. ఆ శాలలో ముద్రించిన మొదటి జాజ్ రికార్డు అదే. ఆ తరువాత అక్కడ ముద్రణ పొందిన ఆల్బములు నూటికి పైబడ్డాయి. 1961 జూన్ 25 ఆదివారం నాడు పియానో విద్వాంసుడు బిల్ ఎవాన్స్ ఇద్దరు సహచరులతో మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు ఐదు విడతలు వాయించాడు. రికార్డు వింటే సంగీతం వెనుక గాజు పాత్రల చప్పుడు, శ్రోతల గుసగుసలు వినిపిస్తాయి. తాము వింటున్నది ఎంతటిదో ఆ శ్రోతలకు తెలియదు. ఆనాడు బాస్ వాయించిన స్కాట్ లఫారో వయస్సు ఇరవై ఐదేళ్లు. పదకొండు రోజుల తరువాత, జూలై 6న, కారు ప్రమాదంలో అతడు మరణించాడు. ఆ ముగ్గురి కలయికకు చివరి గుర్తుగా ఆ ఆదివారపు రికార్డులు మిగిలాయి.

అదే సంవత్సరం నవంబరులో ఆ వేదిక మీదికి జాన్ కోల్‌ట్రేన్ వచ్చాడు. అప్పటికే ఆయన మన సంగీతాన్ని, ముఖ్యంగా పండిత రవిశంకర్ సితారును, శ్రద్ధగా వింటున్నాడు. ఆ నవంబరు రాత్రులలో ఆయన వాయించిన ఒక రచన పేరు 'ఇండియా'. రెండు బాస్ వాద్యాలు తంబురా శ్రుతి వలె అడుగున నిలిచి ఉండగా, వాటి మీద కోల్‌ట్రేన్ సాక్సఫోన్, ఎరిక్ డాల్ఫీ క్లారినెట్ మారి మారి ఆలాపన సాగిస్తాయి. కొందరు విమర్శకులు ఆ నాటి కోల్‌ట్రేన్ సంగీతాన్ని జాజ్‌కు విరోధమని ఈసడించారు. కాలం వారి తీర్పును మన్నించలేదు. 1965లో పుట్టిన కుమారుడికి కోల్‌ట్రేన్ రవి అని పేరు పెట్టాడు, రవిశంకర్ మీది గౌరవంతో. రెండేళ్లకే తండ్రి మరణించాడు. ఆ రవి కోల్‌ట్రేన్ పెరిగి సాక్సఫోన్ వాద్యకుడై, తండ్రి నిలిచిన వేదిక మీద తానూ నిలిచి వాయించాడు.

పేరుపొందిన రాత్రులు ఇవి. సంగీతశాల నడపడమంటే పేరులేని రాత్రులను దాటడం కూడా. 1948లో థెలోనియస్ మాంక్ అనే పియానో వాద్యకుడిని పిలవమని లొరేన్ అనే యువతి గోర్డన్‌ను ఒప్పించింది. మాంక్ సంగీతం అప్పటి చెవులకు వింతగా తోచేది. శాల ఖాళీగా మిగిలింది. ఇటువంటి వాడినా నా నెత్తిన పెట్టావని గోర్డన్ వాపోయాడు. మాంక్ కష్టాలు అంతటితో తీరలేదు. 1940 నుంచి 1967 వరకు న్యూయార్కు రాత్రి శాలలలో పాడాలన్నా వాయించాలన్నా ప్రతి కళాకారుడూ పోలీసు శాఖ ఇచ్చే కార్డు దగ్గర ఉంచుకోవలసి వచ్చేది. 1951లో ఆ కార్డు పోగొట్టుకున్న మాంక్ ఆరేళ్లపాటు ఆ నగరపు శాలలలో వాయించడానికి నోచుకోలేదు. చివరికి లోకం ఆయనను మహా విద్వాంసుడిగా గుర్తించింది. ఖాళీ కుర్చీల నాటి తన సణుగుడును గోర్డన్ మరచి, మాంక్ ప్రతిభను తానూ కొనియాడాడు. ఆ లొరేన్‌నే 1949లో ఆయన వివాహమాడాడు.

గోర్డన్ పొట్టి మనిషి. చేతిలో చుట్ట, వెనుక బల్ల దగ్గర ఒక కునుకు, నడిరాత్రి దాటాక వంటగదిలో ఆ రోజు వసూళ్ల లెక్క — ఇది ఆయన దినచర్య. తన అనుభవాలను ఆయన 1980లో 'లైవ్ ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్' అన్న పుస్తకంగా ప్రకటించాడు. ఆ శాల ఆర్థిక పరిమితి చిన్నపిల్లవాడు వేయగల లెక్కే. 123 ఆసనాలు, రాత్రికి రెండు ప్రదర్శనలు, వారానికి ఏడు రాత్రులు: ఒక్క కుర్చీ ఖాళీ లేకపోయినా వారానికి 1,722 మంది. పెద్ద సభామందిరం ఒక్క సాయంత్రంలో చేర్చుకునే జనం అది. అద్దె, విద్వాంసుల పారితోషికం, పనివారి జీతాలు అన్నీ ఆ లెక్కలోనే ఇమడాలి. వాన పడినా, మంచు కురిసినా ఇవ్వవలసినది ఇవ్వక తప్పదు.

పెద్ద మందిరంలో వాయించగలవారు ఈ చిన్న గదికి ఎందుకు వస్తారన్న ప్రశ్నకు సమాధానం ఆ శాల పద్ధతిలోనే ఉన్నది. మంగళవారం నుంచి ఆదివారం వరకు ఒకే బృందం ఆరు రాత్రులు వాయిస్తుంది. మొదటి రాత్రి తడబాటు రెండవ రాత్రి సర్దుకుంటుంది. నాలుగో రాత్రికి ఎవరూ అనుకోని దారులు తెరుచుకుంటాయి. ఒక ఊరిలో ఒక సాయంత్రం వాయించి మరునాడు విమానం ఎక్కే విద్వాంసులకు ఈ అవకాశం అరుదు.

సోమవారం మాత్రం పద్ధతి వేరు. 1966 ఫిబ్రవరి 7న థాడ్ జోన్స్, మెల్ లూయిస్ అనే ఇద్దరు విద్వాంసులు పెద్ద వాద్యబృందాన్ని ఆ ఇరుకు వేదిక మీదికి ఎక్కించారు. పగలు రికార్డింగు కేంద్రాలలో కూలికి వాయించేవారు రాత్రి తమ తృప్తి కోసం వాయించుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటది. కొద్ది సోమవారాలు సాగితే చాలుననుకున్నారు. అది ఆరు దశాబ్దాల ఆచారమైంది.

ఈ లోపల చుట్టూ నగరం మారిపోయింది. తెల్లవారూ నల్లవారూ పక్కపక్కన కూర్చోవాలన్న సంకల్పంతో 1938లో అదే పేటలో తెరిచిన కేఫ్ సొసైటీ దాదాపు పదేళ్లు మాత్రమే నిలిచింది. 52వ వీధిలో వరుసగా వెలసిన జాజ్ శాలల స్థానంలో కార్యాలయ భవనాలు లేచాయి. 1949లో వెలిగిన తొలి బర్డ్‌లాండ్ 1965లో ఆరిపోయింది. వాన్‌గార్డ్‌కు సమీపంలో ఏడవ అవెన్యూ మీద ఒకటిన్నర శతాబ్దం పైగా సేవచేసిన సెయింట్ విన్సెంట్ ఆసుపత్రి 2010లో మూతపడి, ఆ స్థలంలో కోటీశ్వరుల నివాసాలు వెలిశాయి. పేదకవులు చిల్లర నాణేల కోసం పద్యాలు చదివిన పేటలో ఇప్పుడు సామాన్యుడు ఒక గది అద్దెకు తీసుకోవడం కష్టం.

1989 మే 11న, ఎనభై ఆరవ ఏట, మాక్స్ గోర్డన్ కన్నుమూశాడు. స్థాపకుడితో సంస్థ అంతరించడం అటువంటి శాలల విషయంలో సర్వసాధారణం. లొరేన్ ఒక్క రాత్రి శాల మూసింది. మరునాటి రాత్రి తలుపు తెరిచింది. భర్త బతికి ఉండగా శాల వ్యవహారాలు ఆమె చేతిలో ఉండేవి కావు. అయితే ఆమె పిన్నవయసు నుంచి జాజ్ రికార్డులు పోగుచేసిన రసికురాలు. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా ఉద్యమించి 1965లో హనోయ్ దాకా వెళ్లివచ్చిన ధైర్యశాలి. కలుపుగోలు మాటలు ఆమెకు చేతకావు. సంగీతం సాగుతుండగా కబుర్లు చెప్పేవారిని ఉపేక్షించేది కాదు. ఎవరిని పిలవాలో, ఎవరిని వద్దనాలో తన చెవులే తీర్పు చెప్పాలన్న పట్టుదల ఆమెది. తన జ్ఞాపకాలను 2006లో 'అలైవ్ ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్' పేరుతో వెలువరించింది. భర్త పుస్తకం పేరుకు ఒక్క అక్షరం చేర్చి, శాల ఇంకా సజీవంగా ఉన్నదని చాటుకున్నది. 2018 జూన్ 9న, తొంభై ఐదవ ఏట, ఆమె మరణించింది. బాధ్యత కుమార్తె డెబొరా గోర్డన్ చేతికి వచ్చింది.

రెండేళ్లు తిరగకుండానే పెద్ద పరీక్ష ఎదురైంది. 2020 మార్చిలో కోవిడ్ మహమ్మారి న్యూయార్కును ముంచెత్తింది. గాలి ఆడని నేలమాళిగలో మనుషులు భుజాలు రాసుకుని కూర్చోవడమే ఆ శాల జీవం; ఆ రోజులలో ప్రాణాంతకమైనదీ అదే. ఇంతకాలం కాపాడిన ఇరుకే ఇప్పుడు శత్రువైంది. యుద్ధకాలంలోనూ, మాంద్యంలోనూ మూయని తలుపు మూసుకున్నది. ఆ జూన్‌లో విద్వాంసులు ఖాళీ కుర్చీల ఎదుట వాయించగా, కెమెరాల ద్వారా ఆ సంగీతాన్ని లోకానికి అందించే ఏర్పాటు జరిగింది. టెలివిజన్‌కు లొంగని శాల తెరను ఆశ్రయించవలసి వచ్చింది. దూరదేశాల వారు మొదటిసారి ఆ వేదికను ఇంటినుంచి చూడగలిగారు. కాని పాట ముగిసినచోట కరతాళధ్వని లేదు. ఆ నిశ్శబ్దం విద్వాంసులకు ఎంత భారమో, శ్రోతకూ వాద్యకుడికీ మధ్య నడిచేదేమిటో తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఏడాదిన్నర గడిచాక, 2021 సెప్టెంబరులో, మెట్ల మీద మళ్లీ అడుగుల చప్పుడు వినిపించింది.

ఆ మెట్లు దిగే యాత్రికుడికి నాలుగు సంగతులు తెలిసి ఉంటే మేలు. ఆసనాలు కొద్ది కనుక ముందుగా టిక్కెట్టు తీసుకోవాలి. ప్రదర్శనలు రాత్రి ఎనిమిదికీ పదికీ. అక్కడ పానీయాలే గాని భోజనం దొరకదు. వాద్యం మొదలైన తరువాత మాట్లాడకూడదన్నది లొరేన్ నాటి కట్టుబాటు.

వీలైతే సోమవారం వెళ్లడం మంచిది. థాడ్ జోన్స్ 1970ల చివర ఐరోపాకు తరలిపోయాడు. మెల్ లూయిస్ 1990లో మరణించాడు. మొదటి సోమవారం వాయించినవారి కుర్చీలలోకి శిష్యులు వచ్చారు. వారి తరువాత మరొక తరం వచ్చింది. ఇప్పుడు ఆ బృందం పేరే వాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రా. ఎనిమిది గంటలకు వాద్యకులు బల్లల నడుమ నుంచి ఒకరి వెనుక ఒకరుగా వచ్చి, త్రికోణపు కొసన మోచేతులు తగులుతుండగా సర్దుకుని కూర్చుంటారు. ముందు బల్ల దగ్గరివారు ట్రాంబోను గొట్టానికి తగలకుండా తమ గ్లాసులు వెనక్కు జరుపుకుంటారు. పాట మొదలవుతుంది.